పెట్రోలు వాసన గురించి బుజ్జికి

ఆటోనగర్, విజయవాడ

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో మాటవరసకి అంది, నీ జిప్సీలో పెట్రోలు వాసనకి తలనొప్పి వచ్చి మధ్యలోనే దిగిపోయానని. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

కార్బురేటర్ బండిలో పాత బెలెనో 1,590 సీసీ ఇంజను దింపించావు. కంపెనీ ట్యాంకు, పైపులు, బొగ్గు డబ్బా ఉంచాలా, పీకెయ్యాలా అని అడిగావు. ఇంజను మార్చావని తిట్టను. ఆర్టీవో అనుమతి తీసుకుని కొత్త ఇంజను నంబరు ఆర్సీలో ఎక్కించావో లేదో మాత్రం నాకు రాయి.

రేకు మడిచి వెల్డింగు చేసిన ట్యాంకు జోలికి పోకు. అదే జిప్సీ ఎంపీఎఫ్ఐ (ఇంజెక్షన్) మోడల్ ట్యాంకు పంపుతో సహా పాత సామాన్లలో దొరికితే వేయించు, అదీ కంపెనీ సరుకే. నీ పాత పంపు ఇచ్చేది 3, 4 పౌండ్ల ప్రెజరు. ఈ ఇంజెక్షన్ ఇంజనుకి 40 దాకా కావాలి. మెకానిక్కులు పంపుకి విడిగా స్విచ్చు పెడతామంటారు, ఒప్పుకోకు. కంపెనీ వైరింగులో ఇంజను ఆగితే పంపూ ఆగుతుంది. స్విచ్చు మీద నడిచే పంపు, బండి దేన్నైనా గుద్ది ఆగిపోయినా పెట్రోలు తోడుతూనే ఉంటుంది.

బొగ్గు డబ్బా ట్యాంకులో లేచిన ఆవిరిని పట్టి ఉంచి ఇంజనుకి అందిస్తుంది. దాన్ని ఉంచు; దాని గొట్టం ఊడదీసి గాలికి వదిలారేమో చూడు. మీ అమ్మ తలనొప్పి అక్కడినుంచే అని నా అనుమానం.

అసలు నా బెంగంతా గొట్టం గురించి. ట్యాంకు కాదు, పంపు కాదు, ఇంజను దగ్గర ఆ జానెడు రబ్బరు గొట్టం. దాని ఒంటి మీద అచ్చు చదువు. ఆర్7 అని ఉంటే కార్బురేటర్‌ది, ఆర్9 అని ఉంటే ఇంజెక్షన్‌ది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు దానికి ఉబ్బి, మెత్తబడి, చివరికి చిట్లుతుంది. క్లిప్పులు కూడా అంచు మడిచినవే కొను, పళ్ళ క్లిప్పు రబ్బరుని కోస్తుంది. పైపు కొన ఉబ్బెత్తుగా లేకపోతే ఆ ప్రెజరుకి గొట్టం జారిపోతుంది.

ఈ బెంగ ఎందుకంటే, గురువుగారి దగ్గర పని నేర్చుకునే రోజులవి, నాకప్పుడు 19 ఏళ్ళు. మే నెల ఎండకి పంపులో పెట్రోలు ఆవిరై బండ్లు ఎక్కడికక్కడ ఆగిపోయేవి. పంపు మీద తడిగుడ్డ చుట్టి, అది చల్లారేదాకా చెట్టుకింద కూర్చునేవాళ్ళం. గురువుగారి భార్య దబ్బాకు వేసిన మజ్జిగ కుండతో పంపేది. ఆ చల్లదనం ఇంకా నాలుక మీదే ఉంది. అలాంటి ఓ మధ్యాహ్నం ఒక పద్మిని కారుకి గొట్టం చిట్లితే, చేతికందిన నీళ్ళ గొట్టం ముక్క కోసి వేశాను. అరమైలు పోకుండానే అది జారింది. వేడి సైలెన్సరు మీద పెట్రోలు పడి మంట లేచింది. గురువుగారు ఇసుకతో, తడి గోనెలతో ఆర్పారు. ఆయన కుడిచేతి చర్మం మళ్ళీ మామూలు కాలేదు. నన్ను ఒక్క మాట అనలేదురా. అప్పట్నుంచి ఆయన నట్లు బిగించబోయి, చెయ్యి తిరగక స్పానరు నా చేతికిచ్చేవారు.

నువ్వూ చిన్నప్పుడు నా షెడ్డులో స్పానరు గుప్పిట్లో పెట్టుకుని గోనెపట్టా మీదే నిద్రపోయేవాడివి. ఎంత లాగినా వదిలేవాడివి కాదు. ఆ వేళ్ళే నా కళ్ళముందున్నాయి.

పని పూర్తయ్యాక తాళం తిప్పు, స్టార్ట్ చెయ్యకు. పంపు మోగగానే ప్రతి జాయింటు కింద తెల్ల కాగితం పెట్టి చూడు. ఇంజను వేడెక్కాక ఇంకోసారి చూడు. సీటు కింద మంటలార్పే సిలిండరు ఒకటి ఉంచు. వేళకి తింటున్నావా? అమ్మ చిక్కిపోయావంటోంది.

అత్త గోంగూర పచ్చడి సీసా రేపు రాత్రి బెంగళూరు బస్సులో వేస్తున్నాం. అదే అట్టపెట్టెలో అడుగున రెండు మీటర్ల ఆర్9 గొట్టం, పన్నెండు క్లిప్పులు ఉంటాయి. అవి వేసేదాకా బండి తియ్యకు.

మీ మావయ్య