అంచు లేస్తే బొమ్మ పోతుంది

శిరీషా,

కుదరదమ్మా. ఆ స్టాంపు బిళ్లంత అల్ట్రాసౌండ్ ప్యాచ్ లాంటిది చేసి, గుంటూరు మిర్చి యార్డుకు తీసుకెళ్లి కూలీల గుండెల మీద అంటిస్తానంటే నేను ఒప్పుకోను. కడుపులో బిడ్డ ఆడో మగో చూడగల స్కానింగ్ యంత్రం ఏదైనా 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కిందికి వస్తుంది. చంకన పెట్టుకు తిరిగే యంత్రాలకు 2012లో నిబంధనలు ఇంకా బిగించారు. మన జిల్లాల్లో ఆడపిల్లల కోసమే ఆ చట్టం. దాన్ని అడ్డంకి అని రాశావు చూడు, అది నాకు నచ్చలేదు.

ఇక అసలు సంగతి. చిప్పు గురించి నాలుగు పేజీలు రాశావు, జెల్ గురించి ఒక్క ముక్క లేదు! చర్మానికీ ప్రోబుకూ మధ్య వెంట్రుకవాసి గాలి ఉన్నా ధ్వని దాదాపు అంతా వెనక్కి తిరిగొస్తుంది. స్కానింగ్ గదిలో మేం అంత జెల్ పూసేది అందుకే. ఒక్క బుడగ మిగిలినా తెర మీద ఆ మేర నల్లటి నీడ పడుతుంది, దాని వెనక లివరున్నా కనిపించదు. 2022లో ఎంఐటీలో జావో బృందం ప్యాచ్ 48 గంటలు ఒంటిమీద నిలిచిందంటే, నా దృష్టిలో గొప్పంతా దాని అడుగుభాగానిదే. నీళ్లున్న హైడ్రోజెల్ ఎండిపోకుండా దాన్ని పల్చటి సాగే పొరల మధ్య మూశారు, చర్మం వైపు జిగురు వేశారు. అప్పటికి దాన్ని తీగలతో పెద్ద యంత్రానికే కట్టారు. మరుసటేడు శాన్ డియాగోలో షెంగ్ షూ బృందం తీగల్లేని ప్యాచ్ చేసింది.

ఇప్పుడు మీ అమ్మను తలుచుకో. మార్చి ఎండలో కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతుంటే మెడ మీంచి చెమట ధార కడుతుంది, దాని మీద మిరప దుమ్ము పేరుకుంటుంది. ఆ ఒంటి మీద జిగురు అంచు లేచిందా, గాలి దూరినట్టే. దుమ్ము కిందికి చేరి మంట పుడితే ఆవిడే పీకి పారేస్తుంది, పారెయ్యాలి కూడా.

అందుకని ప్యాచ్ వదిలెయ్, దాని అడుగు మాత్రం చెయ్యి. ధ్వని పుట్టించే బిళ్ల ఏదీ లేకుండా ఉత్త జెల్, జిగురు. ఎండకు ఎంత బరువు తగ్గిందో త్రాసులో తూచు, ఏ అంచు ముందు లేచిందో ఫొటో తీయి. ముందు కాలేజీ ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టు. వాళ్ల అనుమతీ, అమ్మ సమ్మతీ రాకుండా ఆవిడ ఒంటికి ఏదీ అంటించకు. దరఖాస్తు నకలు నాకు పంపు, దిద్దుతాను.

పెదనాన్న