అర్థరహిత బాలగేయము - సమాసబోధన

బాలగేయము తరగతిలో ప్రవేశించినంతనే ఉపాధ్యాయుడు దాని అర్థమడుగుట పరిపాటి. అర్థము లేకపోవుటయే ప్రాణముగా గల గేయమున కిది మృత్యువు. అట్టి గేయమున అర్థము లోపించినను నియమము లోపింపదను సంగతిని బోధకులు తగినంతగా గమనించినట్లు కానరాదు.

వంగకవి సుకుమార్ రాయ్ (1887-1923) రచించిన 'ఆబోల్ తాబోల్' దీనికి చక్కని నిదర్శనము. 1923 సెప్టెంబరులో, కవి మరణించిన కొలది దినములకే వెలువడిన ఈ సంపుటిలో 'ఖిచుడి' యను గేయము కలదు. అందు రెండేసి జంతువులు కలిసి ఒక్కొక్క వింతజంతువగును. హాఁస (బాతు), సజారు (ముళ్ళపంది) కలిసి 'హాఁసజారు'. బక, కచ్ఛపములు కలిసి 'బకచ్ఛప'. హాతి, తిమి కలిసి 'హాతిమి'. వ్యాకరణమును తాను పాటింపనని కవి అచ్చటనే పరిహాసముగా ప్రకటించెను. ఆ మాట నమ్మదగినది కాదు. మొదటి పదము తుదియక్షరమే రెండవ పదమునకు మొదటిది కావలెను. ఆ రెండును ఏకమగును. ఇంతకంటె కఠినమైన నియమము శాస్త్రమునను అరుదు.

ఈ గేయమును తెనిగించి చెప్పినచో మిగులునది శూన్యము. ఆ మూడు జంటలలో ఒక్కదానికిని తెలుగున ఉమ్మడి యక్షరము లేదు. అనువదింపవలసినది నియమమును. ఏనుగు, గుఱ్ఱము చేరి 'ఏనుగుఱ్ఱము'; కోతి, తిమింగిలము చేరి 'కోతిమింగిలము'; ఎలుక, కప్ప చేరి 'ఎలుకప్ప'. 'మేకప్ప' యన్నచో జంతువో, పొరుగూరి పెద్దమనిషియో తెలియదు. కాకిని పిల్లితో చేర్చిన బాలునికి 'కాకిపిల్లి' తప్ప మరేమియు లభింపదు, ఎవరును నవ్వరు. ఎందుకు నవ్వరో తెలిసికొనుటయే మొదటి పాఠము. హాఁస, బక శబ్దములు వంగోచ్చారణమున హల్లుతో ముగియును. తెలుగు పదములు అజంతములు గనుక ఇచట అచ్చుతో కూడిన యక్షరమంతయు కలియవలెను.

పిమ్మట అవే జంటలను ద్వంద్వసమాసములుగా చేయింపవచ్చును. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) ననుసరించి ద్వంద్వమున పరుషములకు గసడదవలు వచ్చును గాన, తల్లిదండ్రులు వలెనే 'ఎలుకగప్పలు' అగును. 'కోతితిమింగిలములు' మాత్రము మారదు. తెలుగుపదము మీది సంస్కృత పరుషమునకు ఆదేశము లేదు. వినోదరూపము, శాస్త్రరూపము ప్రక్కప్రక్కన నిలిచినపుడు తత్సమ దేశ్యభేదము సూత్రము వల్లెవేయకయే చెవి కందును.

తెలుగు రాష్ట్రములకు వెలుపల పెరుగు పిల్లల విషయమున దీని యవసరము మరింత హెచ్చు. వారిలో పెక్కుమంది ఇంట తెలుగు విని గ్రహింతురు గాని, పలుకుటకు జంకుదురు. నీతిపద్యము ఎదుట నిలిచినపుడు తెలియని మాటయే ముందు కనబడును. 'ఎలుకప్ప' ఏ నిఘంటువునను లేదు గనుక తెలియనివాడని ఎవరిని ఆక్షేపింప వీలులేదు. అయితే దీనిని ప్రశ్నపత్రమున కెక్కింపరాదు. ఎక్కినచో పిల్లలు పాతజంతువులను కంఠస్థము చేయుదురే గాని క్రొత్తవానిని పుట్టింపరు.

పులి, పిల్లి, బల్లి, నెమలి, మొసలి - 'లి'తో ముగియు పేర్లు అనేకములు. ఆ యక్షరముతో మొదలగు జంతువు పేరు వాడుకలో దొరకదు. పిల్లలు వెదకి వెదకి దీనిని తామే కనుగొందురు. తెలుగున పదాదియందు ఏ యక్షరములు అరుదో చెప్పుటకు అదియే తరుణము.