నడుముమీది చిన్న గుంట

పసిబిడ్డకు నీళ్ళు పోయు అవ్వ కాళ్ళు చాపుకొని, బిడ్డను బోరగిల పరుండబెట్టి ఆముదము రాచునప్పుడు వాని వెన్నునంతటిని చూచును. కావున ఈ పాఠమును విద్యార్థులతోపాటు వారి యవ్వలకును ఉద్దేశించితిమి.

గర్భమున పిండమునకు ఇంచుమించు 28 దినములు నిండునప్పటికి వీపువైపు పొర యొకటి మడతపడి గొట్టమై మూసికొనును. మెదడు, వెన్నుపాము ఆ గొట్టమునుండియే యేర్పడును. పైచర్మమును ఆ పొరనుండియే పుట్టును. ఇవి రెండును సరిగా విడిపోనియెడల పైని చిన్న గుర్తును, దానిక్రింద వెన్నుపాములో లోపమును ఉండవచ్చును.

గుర్తులన్నియు భయపడదగినవి కావు. పిరుదుల చీలికలో, గుదమునకు రెండున్నర సెంటీమీటర్లలోపల, 5 మిల్లీమీటర్లకు మించక, అడుగు కనబడు ఒంటి గుంట అనేక శిశువులకుండును. అది సాధారణముగా హాని చేయదు. నడుముమీది నీలిమచ్చయు మన బిడ్డలలో సామాన్యమే. ఏండ్లు గడచినకొలది మాయును. కాని గుంట చీలికకు పైగా నున్నను, నీరు కారుచున్నను, నడుమ వెండ్రుకల కుచ్చు గాని, మెత్తని క్రొవ్వుగడ్డ గాని, ఎఱ్ఱమచ్చ గాని యున్నను ఉపేక్షింపరాదు. ఎద్దును కొనునప్పుడు సుడులను వెదకి వెదకి చూచు మన కడప, కర్నూలు రైతులు ఆ చూపునే బిడ్డ వెన్నుమీదను నిలుపుదురుగాక!

అట్టి గుంటలు కొన్ని సన్నని నాళమై వెన్నుపాము వఱకు పోవును. అందు నూనె పోయుటయు, పుల్లతో గెలుకుటయు మిక్కిలి ప్రమాదము. సూక్ష్మజీవులు ఆ దారిని లోనికిపోయి మెదడుపొరల వాపు కలిగించును. మఱికొందఱిలో వెన్నుపాము క్రిందికొన అంటుకొనిపోవును. బిడ్డ యెదుగునప్పుడు అది పలుపుకు కట్టిన దూడవలె లాగబడును. అప్పుడు ఒక పాదము వంకరపోవుట, నడక తడబడుట, నడుమునొప్పి, మూత్రముపై పట్టు తప్పుట కనబడును.

పక్క తడుపు బాలుని పరిహసించు సహపాఠులు కొందఱుందురు. పక్క తడుపువారిలో చాలమందికి ఈ జబ్బు లేదు. అయినను ఏండ్లతరబడి పొడిగా నుండి క్రొత్తగా తడుపువానిని, నడక మారినవానిని వైద్యునికి చూపవలయును.

కర్నూలులో 1957 నుండియు, కడపలో 2006 నుండియు ప్రభుత్వ వైద్యకళాశాలలు కలవు. తొలి మూడు నెలలలో వెన్నెముక ఇంకను గట్టిపడనందున అల్ట్రాసౌండు పరీక్షతో లోపలిభాగము చక్కగా కనబడును, పిమ్మట ఎమ్.ఆర్.ఐ. కావలసివచ్చును. శస్త్రచికిత్సచే అంటుకొన్న కొనను విడిపింతురు. అది చేయుటవలన లోపము ముదురుట సాధారణముగా నిలుచును. పోయిన బలము మాత్రము అన్నివేళల తిరిగిరాదు.