ర్యాలీ కన్నా ముందు అడగాల్సినవి

సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సబ్జెక్టు చదివినవాళ్లకి ఒక విషయం గుర్తుండే ఉంటుంది. కోడ్ రాయడానికి ముందు రిక్వైర్‌మెంట్స్ తీసుకోవాలి. అంటే వాడేవాళ్ల దగ్గరికెళ్లి మీకేం కావాలి అని అడగాలి. దీని మీద పరీక్షలో రెండు పేజీలు రాసి వచ్చాను. ఆ తర్వాత సెలవుల్లో మా ఊళ్లో చేసిన పనిలో మాత్రం సరిగ్గా ఆ ముక్కే మర్చిపోయాను.

మాది అనకాపల్లి జిల్లా దేవరాపల్లి. రైవాడ రిజర్వాయర్ ఉన్నది మా మండలంలోనే, విశాఖపట్నం తాగే నీళ్లలో కొంత మా దగ్గర్నుంచే వెళ్తుంది. అవతల కొండలెక్కితే అల్లూరి సీతారామరాజు జిల్లా. మా వైపు ఊళ్ల పేర్లు పేపర్లో కనిపిస్తే చాలాసార్లు అది గంజాయి వార్తే. కొండల మీది సరుకు హైవే ఎక్కాలంటే ఎక్కువగా మా జిల్లా మీదుగానే దిగాలి మరి. 2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో పోలీసులు ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో, పట్టుబడిన సరుకు దాదాపు 2 లక్షల కిలోలు తగలబెట్టారు.

ఇవన్నీ చదివి, మా ఊరి సమస్య గంజాయి అని మేం ముందే డిసైడైపోయాం. నలుగురం ఫ్రెండ్స్ కలిసి ఒక ర్యాలీ, హైస్కూల్లో ప్రతిజ్ఞ, చివర్లో షార్ట్ ఫిల్మ్ అనుకున్నాం. కాస్త డేటా ఉంటే బాగుంటుందని నేనొక గూగుల్ ఫామ్ చేశాను. ‘మీరు డ్రగ్స్ వాడతారా? అవును / కాదు.’ దాన్ని ఊరి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. ఆ గ్రూప్‌లో మా నాన్న ఉన్నారు, చిన్నాన్న ఉన్నారు, మాకు లెక్కలు చెప్పిన మాస్టారు ఉన్నారు. పైగా ఈమెయిల్ ఐడీ కంపల్సరీ చేశాను! నింపినవాళ్లందరూ ‘కాదు’ అనే నొక్కారు. ఆ రిజల్ట్ ప్రకారం మా ఊరికి ఏ సమస్యా లేదు.

ఫోన్ పట్టుకుని అరుగు మీద కూర్చుంటే నానమ్మ పక్కనే చుట్ట కాలుస్తోంది. మా ఉత్తరాంధ్ర పెద్దవాళ్ల అలవాటు అడ్డపొగ, అంటే నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. అంగిట్లో పుండ్లు, క్యాన్సర్ దాకా తెస్తుందని డాక్టర్లు ఎప్పట్నుంచో చెబుతున్నదే.

“ఏటి రాస్తన్నావురా?” అంది.

“మత్తు పదార్థాల మీద నానమ్మా, ఊళ్లో ఎవరు వాడతారో అడుగుతున్నాం.”

“అయితే ఇందల సుట్ట నేదేటి?”

లేదు. చుట్ట లేదు, ఖైనీ లేదు, గుట్కా లేదు, సారా లేదు. ‘డ్రగ్స్’ అన్న మాట ఇంగ్లీషులో నా బుర్రలో ఉన్న అర్థంతో అడిగాను, ఊరి అర్థంతో కాదు. ఇంకో సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఏడేళ్ల వయసులో కొట్టుకెళ్లి నానమ్మకి చుట్టలు తెచ్చేది నేనే. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకి పొగాకు అమ్మకూడదని, స్కూలుకి వంద గజాల లోపు అసలు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. ఆ కొట్టువాడికీ నాకూ నానమ్మకీ ముగ్గురికీ అది తెలీదు.

నేను ఊహించుకున్న దానికీ లెక్కలకీ కూడా పొంతన లేదు. ఎయిమ్స్ నిపుణులు దేశమంతా చేసిన సర్వే 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లలో మద్యం తాగేవాళ్లు 14.6 శాతం, గంజాయి, భంగు లాంటివి వాడేవాళ్లు 2.8 శాతం. పంచర్ సొల్యూషన్, వైట్‌నర్ లాంటివి పీల్చడం ఒక్కటే పెద్దల్లో కన్నా పిల్లల్లో ఎక్కువ, పిల్లల్లో 1.17, పెద్దల్లో 0.58. అలాగని ఇవి మా ఊరి లెక్కలు కావు. పోలీసులు పట్టుకున్న కిలోలు కూడా మా ఊరి లెక్క కాదు. సరుకు ఎక్కడ దొరికిందో అవి చెబుతాయి, ఎవరు వాడుతున్నారో చెప్పవు.

ఈ తేడా నాకు పుస్తకంలో అర్థం కాలేదు. నాతో పదో తరగతి దాకా చదివి, సాయంత్రాలు వాలీబాల్ ఆడినవాడు ఒకడు ఇప్పుడు గంజాయి కేసులో జైల్లో ఉన్నాడు. బ్యాగు ఒక చోట నుంచి ఇంకో చోటికి చేర్చితే డబ్బులిస్తామన్నారట. వాడు సిగరెట్ కూడా ముట్టడు. మా ర్యాలీలో ‘మత్తుకు దూరంగా ఉందాం’ అని వాడు కూడా అరిచేవాడు, నిజంగానే అరిచేవాడు. వాడికి అందాల్సిన సమాచారం వేరు. 20 కిలోలు దాటితే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణం అంటుంది, శిక్ష 10 ఏళ్ల నుంచి 20 ఏళ్లు, బెయిల్ దొరకడం చాలా కష్టం. ‘నేను మోసానంతే’ అంటే కోర్టు వదిలిపెట్టదు. ఇది, దీంతోపాటు పదో తరగతి తర్వాత చేతికి ఏదో ఒక పని. వాడికి కావాల్సింది అదీ.

అడగడం అంటే ఎలా ఉంటుందో మన రాష్ట్రంలోనే ఒక పాత ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లకి అక్షరాలు నేర్పడం ప్రోగ్రాం. కానీ పాఠంలో ‘సీతమ్మ కథ’ చదివి మాట్లాడుకోవడం మొదలయ్యాక వాళ్లు చెప్పింది సారా గురించి. కూలి డబ్బులు ఎక్కడికి పోతున్నాయి, చదువుకోనివ్వనిది ఏది అనే లెక్క వాళ్లే తీశారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అమ్మకాన్ని ఆపించారు, ఆ ఊరి కథ మళ్లీ ఇంకో పాఠమై మిగతా ఊళ్లకి వెళ్లింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లలోనే సడలిపోయింది, అది వేరే పెద్ద కథ. నాకు ఇక్కడ నచ్చింది ఏంటంటే, వచ్చిన ప్రోగ్రాం ఒకటి, ఊరు చెప్పిన అవసరం ఇంకొకటి. 

బయటి దేశాల్లో రెండు రకాలూ కనిపిస్తాయి. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన ‘డేర్’ ప్రోగ్రాంలో పోలీసులు క్లాసుకొచ్చి పాఠం చెప్పేవారు. దేశమంతా పాకింది, కానీ ఆ పాత పాఠాల వల్ల పిల్లల వాడకం పెద్దగా తగ్గలేదని పరిశోధనల్లో తేలింది. ఐస్‌లాండ్‌లో పిల్లల్ని పేర్లు లేకుండా అడిగి, ఏ ఊరి ఫలితాలు ఆ ఊరికే తిరిగి ఇచ్చారు. వాటిని చూసి ఆటలకీ, తల్లిదండ్రులతో గడిపే సాయంత్రాలకీ ఏర్పాట్లు చేసుకున్నారు. గత నెలలో మద్యం మత్తులో మునిగామని చెప్పిన 15, 16 ఏళ్ల పిల్లలు 1998లో 42 శాతం, 2016 నాటికి 5 శాతం. మన ఊళ్లకి ఐస్‌లాండ్ డబ్బు లేదు, ఒప్పుకుంటాను. కాగితం, పెన్ను, డబ్బా అయితే ఉన్నాయి.

అందుకే రెండోసారి కాగితాలే తీసుకున్నాం. పేరు లేదు, క్లాసు లేదు. హెడ్మాస్టర్ గారి అనుమతి, తల్లిదండ్రుల అనుమతి ముందే అడిగాం. ‘నువ్వు వాడతావా’ అని కాకుండా ‘మీ ఈడు పిల్లలు మొదట ఏది రుచి చూస్తారు, ఏ వయసులో, ఎక్కడ దొరుకుతుంది, అప్పుడు పక్కన ఎవరుంటారు’ అని మార్చాం. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఎక్కడ తిరుగుతారో పిల్లల్నే మ్యాప్ గీయమన్నాం. దూరంగా ఉంచే వాటి గురించి కూడా అడిగాం, ఆట, పని, ఇంట్లో మాట వినే మనిషి, ఇలాంటివి. ఇప్పటికే అలవాటుపడినవాళ్లకి ర్యాలీ అక్కరకు రాదు, వైద్యం కావాలి. కాబట్టి ప్రతి కాగితం కింద మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 రాశాం.

శివారు గిరిజన గ్రామాల పిల్లలు బడి మానేసినవాళ్లు ఉంటే డబ్బా వాళ్ల దాకా వెళ్లదని ఒక టీచరమ్మ గుర్తుచేశారు. వాళ్ల దగ్గరికి ఎలా వెళ్లాలో ఇంకా ఆలోచిస్తున్నాం. షార్ట్ ఫిల్మ్ ప్రస్తుతానికి పక్కన పెట్టాం. కాగితంలో మొదటి ప్రశ్న మాత్రం నానమ్మ వల్ల వచ్చినదే. “మీ ఇంట్లో చుట్ట గానీ ఖైనీ గానీ కొనుక్కురమ్మని ఎవరిని పంపుతారు?”