గట్టున నీటి కొరత, చెరువులో గాలి కొరత: భౌతిక పరిస్థితులు జీవాన్ని శాసించే తీరు

ఒక ప్రాంతంలో ఏ మొక్క పెరుగుతుంది, ఏ ప్రాణి నిలుస్తుంది అనే విషయాన్ని వెలుతురు, ఉష్ణోగ్రత, నీరు, గాలి, నేల స్వభావం కలిసి నిర్ణయిస్తాయి. వీటినే అజీవ కారకాలు అంటాము. అయితే అన్ని కారకాలూ అన్ని చోట్లా ఒకే బలంతో పనిచేయవు. పైరుకు అవసరమైన వాటిలో ఏది అందరికంటే తక్కువగా లభిస్తుందో అదే దిగుబడికి హద్దు గీస్తుందనే సూత్రాన్ని 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలోకి తెచ్చాడు. కొరతే కాక మితిమీరిన పరిమాణం కూడా జీవికి హద్దు అవుతుందని 1913లో అమెరికన్ శాస్త్రవేత్త షెల్ఫర్డ్ వివరించాడు. ఈ రెండు సూత్రాలనూ అర్థం చేసుకోవడానికి సికింద్రాబాద్‌లోని బోయిన్‌పల్లి, దాని పక్కనున్న హస్మత్‌పేట చెరువు మంచి ఉదాహరణలు. ఈ చెరువునే బోయిన్ చెరువు అని కూడా పిలుస్తారు.

గట్టు నేల: నీరే హద్దు

ఈ ప్రాంతం సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న గ్రానైటు పీఠభూమి. సాలీనా వర్షపాతం సుమారు 800 మి.మీ.; అందులో అధిక భాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు కురుస్తుంది. ఇక్కడి ఎండకు, గాలికి ఏడాదిలో ఆవిరి కాగల నీరు ఆ వర్షపాతానికి సుమారు రెట్టింపు. గ్రానైటు శిథిలమై ఏర్పడిన చల్క నేలలు తేలికైనవి, లోతు తక్కువ. సమీపంలోని పటాన్‌చెరు ఇక్రిశాట్ క్షేత్రంలో ఎర్రనేలలు, నల్లరేగడి పక్కపక్కనే కనిపిస్తాయి. రెండింటిపై కురిసే వాన ఒకటే; లోతైన నల్లరేగడి మాత్రం పైరుకు అందే నీటిని చల్క కంటే దాదాపు రెట్టింపు నిలువ ఉంచుకోగలదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. అర మీటరు లోతున్న చల్కలో పైరుకు అందే నీరు 50 మి.మీ. అనుకుందాం. పైరు రోజుకు 5 మి.మీ. వాడుకుంటే పది రోజులలో ఆ నిలువ తీరిపోతుంది. మొత్తం వర్షపాతం సరిపడినంత ఉన్నా, రెండు వానల మధ్య వ్యవధి పెరిగితే పైరు ఎండడానికి కారణమిదే. లోతైన వేరుతో కంది, ఆముదం ఇక్కడ తట్టుకుంటాయి. గుట్టల మీద సీతాఫలం, బీడు భూములలో తంగేడు నిలవడం కూడా ఈ కొరతకు తగిన అమరికయే.

చెరువు: గాలే హద్దు

చెరువులో నీటికి కొదువ లేదు. అక్కడ కొరత ఆక్సిజన్‌ది. ఒక లీటరు గాలిలో సుమారు 250 మి.గ్రా. ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద, మన ఎత్తులో, లీటరు నీటిలో కరగగలది సుమారు 7 మి.గ్రా. మాత్రమే. నీరు వేడెక్కిన కొద్దీ ఇది మరింత తగ్గుతుంది. చేపకు కావలసిన ఆక్సిజన్ మాత్రం అదే సమయంలో పెరుగుతుంది. వేసవిలో చెరువు ప్రాణులకు ఈ విధంగా రెండు వైపుల నుండి ఒత్తిడి కలుగుతుంది. చేపల మనుగడకు లీటరుకు కనీసం 4 మి.గ్రా. ఉండాలన్నది జాతీయ ప్రమాణం.

చుట్టూ కాలనీలు పెరిగిన చెరువులలో మురుగు చేరి నాచును, గుర్రపుడెక్కను పోషిస్తుంది. గుర్రపుడెక్క దట్టంగా కమ్మితే వెలుతురు లోపలికి చేరదు, గాలి నీటిని తాకదు. నాచు పగటివేళ ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది. రాత్రి అదే నాచు, చేపలు, మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు కలిసి దానిని వాడుకుంటాయి. కనుక తెల్లవారుజామున ఆక్సిజన్ అతి తక్కువకు పడిపోతుంది. మబ్బు కమ్మిన రోజు తరువాతి రాత్రి, లేదా తొలకరి వాన అడుగు బురదను కలచివేసి కొత్త మురుగును తెచ్చినప్పుడు, బొచ్చె, శీలావతి వంటి చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తాయి. నేరుగా గాలి పీల్చగల కొర్రమట్ట మాత్రం తట్టుకుంటుంది.

వరి మడి: రెండింటి నడుమ

చెరువు కింది వరి మడి నేలగా ఉండి నీటి ఆవరణంగా మారుతుంది. నీరు కట్టిన కొద్ది కాలానికే మట్టిలోని ఆక్సిజన్ తీరిపోయి, పైన కొన్ని మిల్లీమీటర్ల పలుచని పొరలో మాత్రమే మిగులుతుంది. వరి తన కాండంలోని గాలి గదుల ద్వారా వేళ్లకు ఆక్సిజన్ పంపుకొని బతుకుతుంది; జొన్న వంటి పైరుకు ఆ శక్తి తక్కువ. ఈ స్థితిలో నత్రజని నైట్రేటు రూపంలో ఉంటే సూక్ష్మజీవులు దానిని వాయువుగా మార్చివేస్తాయి. నిలువ నీటిపై యూరియా చల్లితే అమ్మోనియాగా ఆవిరవుతుంది. నీటిని తగ్గించి, బురద పదునులో ఎరువు వేయాలని చెప్పే సిఫారసుకు మూలం ఈ భౌతిక పరిస్థితియే.

వేకువ పరిశీలన

మా విద్యార్థులు చెరువు నీటిని తరచు మధ్యాహ్నం పరీక్షించి, ఆక్సిజన్ పుష్కలంగా ఉందని నమోదు చేస్తారు. ఆ అంకె తప్పు కాదు. కాని చేప ప్రాణం ఆధారపడింది దానిపై కాదు. పైరు విషయంలోనూ అంతే. మధ్యాహ్నం వాడిన ఆకు సాయంత్రానికి తేరుకుంటే ఎండ తీవ్రతకు లోనైనదని భావించవచ్చు. వేకువన కూడా వాడి ఉంటే నేలలో నీరు నిజంగా తీరినదని గ్రహించాలి. రాత్రంతా వేళ్లు పీల్చిన నీటితో ఆకు కోలుకుంటుంది. రాత్రంతా సాగిన శ్వాసక్రియతో చెరువు క్షీణిస్తుంది. రెండు చోట్లా అసలు హద్దు బయటపడేది సూర్యోదయానికి ముందే.

కనుక చల్కలో ఆచ్ఛాదన, వాలుకు అడ్డంగా సేద్యం, కందితో అంతరపంట. చెరువులో మురుగు మళ్లింపు, గుర్రపుడెక్క తొలగింపు, వేకువ కొలతలు అవసరం. గట్టు మీది నేల వాననీటిని ఎంతగా ఇంకించుకుంటే చెరువులోకి అంత తక్కువ మురికి చేరుతుంది. ఒక వైపు చేసిన మేలు రెండో వైపు ప్రాణులకూ అందుతుంది. పరిశీలకుడు కొలత వేయడానికి ముందు, ఆ చోట ఏది కొరతగా ఉందో, అది ఏ వేళ బయటపడుతుందో నిర్ధారించుకోవాలి.