వేగం పెరిగితే కారు ఎందుకు తూలుతుంది?

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో నిలకడగా ఉన్న కారే 140 దాటాక డ్రైవరును భయపెట్టవచ్చు. స్టీరింగ్ తేలికైనట్టు అనిపిస్తుంది. వెనుక భాగం తనదారి తాను వెతుక్కుంటున్నట్టు పక్కకు జరుగుతుంది. లేన్ మారబోతే కారు కావలసినదానికంటే ఎక్కువ తిరుగుతుంది. స్పోర్ట్స్ కార్లలో ఇలాంటి లోపాన్ని పట్టుకోవడం అంత సులువు కాదు. మెల్లగా నడిపినప్పుడు లోపం కనిపించదు, వేగంగా నడిపి చూడటం ప్రాణాంతకం. అందుకే ముందు లక్షణాన్ని అర్థం చేసుకుని, దాని వెనుక ఉన్న భౌతిక సూత్రాన్ని బట్టి కారణం వెతకాలి.

ఒక ప్రసిద్ధ ఉదాహరణ

జర్మనీకి చెందిన ఆడీ సంస్థ 1998లో టీటీ అనే చిన్న స్పోర్ట్స్ కారును మార్కెట్లోకి తెచ్చింది. గుండ్రంగా, నున్నగా ఉన్న దాని రూపం అందరినీ ఆకట్టుకుంది. అయితే గంటకు 180 కిలోమీటర్లు దాటిన వేగంలో హఠాత్తుగా లేన్ మారినప్పుడు, పదునైన మలుపు తిరిగినప్పుడు కొన్ని కార్లు అదుపు తప్పాయి. ప్రాణాలు కూడా పోయాయి. 1999 చివర్లో, 2000 ప్రారంభంలో సంస్థ కార్లను వెనక్కి పిలిపించి మూడు రకాల మార్పులు చేసింది. వెనుక డిక్కీ మూతపై చిన్న స్పాయిలర్ అమర్చింది. సస్పెన్షన్ భాగాలను మార్చింది. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ ప్రోగ్రామ్, అంటే ఈఎస్‌పీ, చేర్చింది. ఒక్క సమస్యకు మూడు వైపుల నుంచి మందు ఎందుకు వేయవలసి వచ్చిందో చూస్తే వేగంలో స్థిరత్వం అంటే ఏమిటో తెలుస్తుంది.

బాణానికి ఈకలు, కారుకు వెనుక టైర్లు

బాణం తిన్నగా వెళ్ళడానికి దాని తోక దగ్గరి ఈకలే కారణం. బాణం కాస్త పక్కకు తిరిగితే ఈకలపై గాలి ఒత్తిడి దాన్ని మళ్ళీ దారిలోకి తెస్తుంది. కారులో ఆ పని చేసేవి వెనుక టైర్లు. కారు గరిమనాభికి వెనుక ఉన్న ఈ టైర్లు పక్క బలాన్ని ఇచ్చి, అతిగా తిరగబోయిన కారును సరిదిద్దుతాయి. వెనుక టైర్ల పట్టు ముందు టైర్ల కంటే తగ్గితే సరిదిద్దే శక్తి తగ్గుతుంది. అప్పుడు కారు డ్రైవరు కోరినదానికంటే ఎక్కువ తిరుగుతుంది. దీన్నే ఓవర్‌స్టీర్ అంటారు. పైగా వేగం పెరిగేకొద్దీ కారు ఊగిసలాట అణగడానికి ఎక్కువ సమయం పడుతుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 55 మీటర్లు దూసుకుపోతుంది. తప్పు దిద్దుకోవడానికి డ్రైవరుకు మిగిలే వ్యవధి చాలా తక్కువ.

గాలి ఎంత బరువు మోస్తుంది?

టైరు పట్టు దానిపై పడే బరువును బట్టి ఉంటుంది. విమానం రెక్కలా పైకి వంపు తిరిగిన కారు శరీరంపై గాలి వేగంగా ప్రవహించినప్పుడు అక్కడ పీడనం తగ్గి, కారును పైకెత్తే బలం పుడుతుంది. ఈ బలం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది.

ఒక ఊహాజనిత కారును తీసుకుందాం. దాని బరువు 1,250 కిలోలు, వెనుక ఇరుసుపై పడేది 500 కిలోలు. ముందు నుంచి చూస్తే దాని వైశాల్యం 2 చదరపు మీటర్లు. వెనుక భాగపు లిఫ్ట్ గుణకం 0.15 అనుకుంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో గాలి వెనుక ఇరుసు నుంచి సుమారు 14 కిలోల బరువు తీసేస్తుంది. ఇది మూడు శాతం కూడా కాదు, ఎవరికీ తెలియదు. గంటకు 200 కిలోమీటర్ల దగ్గర అదే 57 కిలోలు.

సరిగ్గా అప్పుడే మలుపులో భయపడిన డ్రైవరు యాక్సిలరేటర్ నుంచి కాలు తీస్తాడు. కారు వేగం తగ్గుతుంటే బరువు ముందుకు ఒరుగుతుంది. గరిమనాభి అర మీటరు ఎత్తులో, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2.4 మీటర్లు ఉండి, గురుత్వ త్వరణంలో ఐదో వంతు మేర వేగం తగ్గుతుంటే, వెనుక ఇరుసు మరో 52 కిలోలు కోల్పోతుంది. రెండూ కలిపితే 109 కిలోలు, అంటే ఐదో వంతుకు పైగా. అదే సమయంలో ముందు టైర్లపై బరువు పెరిగి వాటి పట్టు పెరుగుతుంది. భయపడి చేసిన పనే ప్రమాదాన్ని పెంచుతుంది.

స్పాయిలర్ పైకెత్తే బలాన్ని తగ్గిస్తుంది. సస్పెన్షన్ మార్పులు ముందు, వెనుక పట్టుల మధ్య పొత్తును సరిచేస్తాయి. ఈఎస్‌పీ స్టీరింగ్ కోణాన్నీ, కారు నిజంగా తిరుగుతున్న తీరునూ పోల్చి చూసి, తేడా వస్తే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేస్తుంది. మూడూ వేర్వేరు పనులు, లక్ష్యం ఒక్కటే.

లక్షణమే మొదటి ఆధారం

పాత స్పోర్ట్స్ కారు వేగంలో తూలుతోందంటే తప్పు డిజైనుదే కానక్కర్లేదు, అరుగుదల వల్ల కూడా కావచ్చు. లోపం ఏ వేగంలో, ఏ పని చేసినప్పుడు బయటపడుతోందో ముందు రాసి పెట్టుకోవాలి.

ఒక వేగం దగ్గర స్టీరింగ్ వణికి, ఆ వేగం దాటగానే వణుకు తగ్గితే అది అనునాదం. రెండు మీటర్ల చుట్టుకొలత ఉన్న చక్రం గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 14 సార్లు తిరుగుతుంది. చక్రం, సస్పెన్షన్ కలిసి సహజంగా ఊగే పౌనఃపున్యం కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. ఇక్కడ అనుమానించవలసింది వీల్ బ్యాలెన్సింగ్‌ను, వంగిన రిమ్మును.

వేగంతో పాటు తేలికదనం ఆగకుండా పెరుగుతూ పోతే గాలి ప్రభావాన్ని అనుమానించాలి. యాక్సిలరేటర్ వదిలినప్పుడో, బ్రేకు వేసినప్పుడో మాత్రమే వెనుక భాగం కదిలితే వెనుక సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు అరిగి ఉండవచ్చు. రోడ్డు ఎత్తుపల్లాల తర్వాత కారు రెండు మూడు సార్లు ఊగితే షాక్ అబ్జార్బర్లు బలహీనపడ్డాయని అర్థం. తిన్నని రోడ్డుపై కూడా స్టీరింగ్‌ను మాటిమాటికీ సరిచేయవలసి వస్తే ముందు చక్రాల అమరికను, టై రాడ్ కీళ్ళను చూడాలి.

పరీక్ష ఏ వరుసలో?

తక్కువ ఖర్చుతో తేలేవి ముందు చూడాలి. మొదట టైర్లు. చల్లగా ఉన్నప్పుడు గాలి పీడనం కొలిచి, డ్రైవరు తలుపు దగ్గరి పట్టికలోని అంకెతో పోల్చాలి. వెనుక టైర్లలో గాలి తగ్గితే వాటి పక్క గట్టిదనం తగ్గుతుంది. టైరు పక్కనున్న చివరి నాలుగు అంకెలు దాని పుట్టిన తేదీ చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు బాగున్నా రబ్బరు ముదిరితే పట్టు తగ్గుతుంది. రెండు టైర్లే కొత్తవి వేయించేటప్పుడు వాటిని వెనుకే వేయించడం మంచిది.

రెండోది కీళ్ళలో వదులు. కారును లిఫ్టుపై ఎక్కించి ఒక్కో చక్రాన్ని చేత్తో ఊపి బేరింగులు, బాల్ జాయింట్లు, బుష్‌లు చూడాలి. ఇవి సరిచేయకుండా వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే ప్రయోజనం లేదు. కొలిచిన కోణం రోడ్డెక్కగానే మారిపోతుంది.

మూడోది నాలుగు చక్రాల అలైన్‌మెంట్. వెనుక చక్రాల ముందంచులు కాస్త లోపలికి చూస్తుంటే స్థిరత్వం పెరుగుతుంది. బయటికి చూస్తే కారు ప్రతి చిన్న కదలికకూ తిరగబోతుంది. ముందు చక్రాలను మాత్రమే కొలిచి ఇచ్చే కాగితం ఈ తప్పును చూపదు.

చివరగా కారు శరీరం. వేగంలో తనంతట తాను పైకి లేవవలసిన స్పాయిలర్ లేస్తోందా? అడుగున ఉండే రేకు ఊడిపోయిందా? అందం కోసం ముందు బంపర్‌కు మాత్రమే బయటి నుంచి తెచ్చిన స్ప్లిట్టర్ బిగించారా? అది ముందు భాగాన్ని కిందకు నొక్కుతుంది, వెనుక మాత్రం ఎప్పటిలా తేలికగానే ఉంటుంది. పట్టు ముందుకు మొగ్గి, మంచి కారు కూడా తూలడం మొదలుపెడుతుంది.

ఒకసారి ఒక్క మార్పే చేయాలి. నాలుగు భాగాలు ఒకేసారి మారిస్తే కారు బాగుపడినా ఏది కారణమో తెలియదు. బాగుచేసిన కారును మామూలు రోడ్డుపై అతివేగంతో పరీక్షించకూడదు. మూసిన ట్రాకు, శిక్షణ ఉన్న డ్రైవరు లేకుంటే కొలతలతోనే సరిపెట్టుకోవాలి. అనుమానం తీరేవరకు వేగం తగ్గించి నడపడమే అసలైన మందు. వేగం నాలుగో వంతు తగ్గినా గాలి పైకెత్తే బలం దాదాపు సగానికి పడిపోతుంది. ఆ మందుకు మెకానిక్ కూడా అక్కర్లేదు.