రిపేరైన ఇంజను ఎందుకు కదల్లేదు?

సంక్రాంతి సెలవులకు ఊరెళ్ళేసరికి మా బావి మీది 5 హార్స్‌పవర్ డీజిలింజను రిపేరై వచ్చింది. రింగులు కొత్తవి, వాల్వులు గ్రైండింగ్ చేయించినారు. తీరా చూస్తే స్టార్టు కాదే! వేరుశనగ ఊడలు దిగే అదను. హ్యాండిలు తిప్పితిప్పి నాయన గట్టున కూలబడ్డాడు.

డీజిలింజనుకు స్పార్కుప్లగ్గుండదు. సిలిండరులో గాలిని సుమారు 16వ వంతుకు నొక్కితే అది 500 డిగ్రీల దాకా వేడెక్కి డీజిలును మండిస్తుంది. క్లాసులో ఎడియాబాటిక్ అని రాసి మార్కులు తెచ్చుకున్నదే! కనుక చూడవలసినవి రెండు: డీజిలు పడుతోందా, గాలి నొక్కుకుంటోందా?

పంపు స్క్రూ వదులుచేసి బుడగలు పోయేదాకా డీజిలు కార్చి, స్క్రూ బిగించాను. తిప్పితే ఇంజెక్టరు కిర్రుమంది. అది సరే. కాని డీకంప్రెషన్ లీవరు వదిలినా ఫ్లైవీలు ఎదురు తన్నలేదు. దొంగ అక్కడ దొరికాడు.

గ్రైండింగ్ చేసిన వాల్వు హెడ్డులో కాస్త లోతుగా కూర్చుంటుంది. ఆ మేరకు దాని కాడ పైకొచ్చి రాకరుకు ఆనుతుంది. మధ్య ఉండవలసిన ఖాళీ లేక వాల్వు పూర్తిగా మూసుకోదు, గాలి జారిపోతుంది. మెకానిక్కు ఈ ఖాళీ సంగతి మరిచినాడు. కంప్రెషన్ దెబ్బకు పిస్టను పైకొచ్చే చోట ఫ్లైవీలు నిలిపి, ట్యాపెట్ స్క్రూ వదులుచేసి, ఇంజను పుస్తకంలోని కొలతకు ఫీలర్ గేజితో సరిచూసి నట్టు బిగించాను.

"నువ్వే తిప్పరా, నాకు చేతుల్లేవు" అన్నాడు నాయన.

మూడో తిప్పుకు నల్లటి పొగ, ఆ వెనకే నీళ్ళు. మడవ తిప్పడానికి నాయన పార అందుకున్నాడు.